ప్రెస్ కింద బేరింగు

విజయవాడలో బెంజి సర్కిల్ దాటి, బందరు రోడ్డు మీద ఆటోనగర్ గేటు దగ్గర లోపలికి తిరిగితే మొదట లారీ బాడీలు కట్టేవాళ్లు కనిపిస్తారు. ఆ వెనక కమాన్‌కట్టల వాళ్లు, రేడియేటర్ల వాళ్లు, లేత్ షాపులు. నేను వెతుకుతున్నది ఒక హైడ్రాలిక్ ప్రెస్. నా సంచీలో మా పాత మారుతి 800 ఎడమ ముందు చక్రం నకిల్ ఉంది, హబ్బు, బేరింగులతో సహా.

ఈ బండి తయారీ 2014లో ఆగిపోయింది. కానీ దాని పని వాకిట్లో చేసుకోవడానికి ఇప్పటికీ వీలే. వేగం నలభై దాటితే అడుగు నుంచి హోరు. కుడికి తిప్పితే పెరిగేది, ఎడమకు తిప్పితే తగ్గేది. కుడికి తిరిగేటప్పుడు బరువంతా ఎడమ చక్రం మీద పడుతుంది కాబట్టి అరిగింది ఎడమవైపే అనుకున్నాను. జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, కాయిల్ స్ప్రింగు మీద ఒక చెయ్యి ఉంచి రెండో చేత్తో చక్రం తిప్పాను. గరగర వేళ్లకు తెలిసింది. టైరు హోరైతే అలా తెలియదు.

యాక్సిల్ నట్టును మాత్రం చక్రం నేల మీద ఉండగానే వదులు చెయ్యాలి. అంత బలం పైకెత్తిన బండి మీద పెడితే స్టాండు జారిపోతుంది. కాలిపర్‌ను బ్రేకు గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో కట్టాను. టై రాడ్ ఎండు, బాల్ జాయింటు, స్ట్రట్ బోల్టులు రెండూ విప్పితే నకిల్ చేతికొస్తుంది. ఇక్కడిదాకా పానాల పని. తర్వాతది సుత్తితో కానిచ్చేద్దామని చాలామందికి అనిపిస్తుంది. కొత్త బేరింగు చెడేది అక్కడే.

ప్రెస్ మేస్త్రీ పెద్దాయన. హబ్బును రెండు చుట్లు తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, "గాడి పొలుసు లేచింది బాబూ" అన్నారు. ప్రెస్ కింద హబ్బు ఊడివచ్చింది, బేరింగు లోపలి రింగు దాన్ని పట్టుకునే ఉంది. గ్రైండర్‌తో రింగుకు గాటు పెట్టారు. హబ్బుకు తగలకముందే ఆపి, ఉలితో ఒక్క దెబ్బ వేస్తే రింగు పగిలి రాలింది. గాడిలో గుంటలు నాకూ కనిపించాయి. గ్రీజు తుప్పు రంగుకు తిరిగింది. ఆయిల్ సీల్ అంచు చిరిగి నీళ్లు దిగాయన్నమాట. ఆ సీల్ కూడా కొత్తది వెయ్యకపోతే ఇంత పనీ వృథా.

"మేస్త్రీ గారూ, సుత్తితో ఎందుకు కొట్టకూడదు?"

"గట్టిగా కూర్చునే రింగునే నొక్కాలి బాబూ. రెండో రింగును నొక్కావంటే ఆ దెబ్బ గుళ్ల మీదుగా పోతుంది. గాడిలో మచ్చ పడుతుంది. కంటికి కనపడదు, చెవికి వినపడుతుంది."

నకిల్‌లోకి దించేటప్పుడు బయటి రింగు మీదే నొక్కారు. అందుకు ఆయన వాడింది పాత బేరింగు రింగే, ఇరుక్కుపోకుండా చుట్టూ కాస్త అరగదీసింది. అలాంటివి గోడకు ఒక తీగనిండా ఉన్నాయి. హబ్బును ఎక్కించేటప్పుడు మాత్రం కింద లోపలి రింగుకు ఆసరా పెట్టారు. ఫిలిప్ వాన్ అనే ఆయన బండి ఇరుసుకు బాల్ బేరింగు వాడేందుకు బ్రిటన్‌లో 1794లో పేటెంటు తీసుకున్నాడు. రెండు గాడుల నడుమ గుండు దొర్లడమన్న ఆ సూత్రం మారలేదు. మేస్త్రీ మాటకు బలం దాంట్లోనే ఉంది.

రెండు బేరింగుల మధ్య ఒక స్పేసర్ ఉంటుంది. చూడ్డానికి ఏమీ కాని ఇనుప గొట్టం. అది లేకుండా బిగిస్తే నట్టు రెండు లోపలి రింగులనూ ఒకదాని మీదికి ఒకటి లాగేస్తుంది, గుళ్లు బిగుసుకుని వేడెక్కిపోతాయి. దాన్ని తుడిచి, వేలితో అంచులు తడిమి చూసి గానీ ఆయన లోపలికి వెయ్యలేదు. గ్రీజు గుళ్ల మధ్య నిండా పెట్టి, నకిల్ బోలులో మాత్రం కొంత ఖాళీ వదిలారు. నిండా కూరితే అదీ వేడెక్కుతుందట. ఇంట్లో పనిచేసుకునేవాళ్లకు నేను ఇచ్చే సలహా ఇదే: విప్పడం, బిగించడం మీరు చేసుకోండి, ఈ నొక్కుడు మాత్రం ప్రెస్సుకు వదలండి.

నకిల్ చేతికిస్తూ చెప్పారు: "నట్టు బిగించకుండా బండి బరువు దీని మీద దించొద్దు. ఎవరినైనా బ్రేకు తొక్కి ఉంచమను, టార్క్ రెంచ్‌తో పుస్తకంలో చెప్పినంతే బిగించు. స్ప్లిట్ పిన్ను కొత్తది వెయ్యి."

కుడివైపు కూడా మార్చెయ్యమంటారా అని అడిగాను. చప్పుడు లేకపోతే ముట్టుకోవద్దన్నారు, దాని సీల్ మాత్రం ఒకసారి చూసుకోమన్నారు.