పికప్ ఏం వింటుంది

నా ఎలక్ట్రిక్ గిటార్‌కి పికప్‌లు మార్పించాలా వద్దా అన్న ప్రశ్న మూడు నెలలుగా బుర్రలో తిరుగుతోంది. లోకంలో ఉన్న కష్టాల పక్కన పెడితే ఇదొక సమస్యే కాదు, తెలుసు. కానీ ఆఫీసులో బగ్ దొరక్క తల పట్టుకుని కూచున్నప్పుడు కూడా మధ్యలో ఇదే గుర్తొస్తోంది. కొత్త సెట్ ఒకటి ఆన్‌లైన్ కార్ట్‌లో పెట్టి ఉంచాను. పదకొండు వేలు. గిటార్ కొన్నది పద్నాలుగు వేలకి. అదీ తొమ్మిదేళ్ల కిందట, ఉద్యోగంలో వచ్చిన మొదటి బోనస్‌తో. ఈ లెక్క చెప్తే మా ఆవిడ, "పాత స్కూటర్‌కి కొత్త కారంత ఖర్చు పెడతావా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

గిటార్ సంగతి తెలియని వాళ్లకోసం రెండు ముక్కలు. మామూలు గిటార్‌లో తీగ కదిలితే చెక్కపెట్టె కదులుతుంది, పెట్టెలో గాలి కదులుతుంది, మనకి వినిపిస్తుంది. ఎలక్ట్రిక్ గిటార్‌లో చాలావాటికి ఆ బోలు పెట్టె ఉండదు, ఉన్నది గట్టి చెక్క. తీగల కింద చిన్న డబ్బీల్లాంటివి ఉంటాయి. అవే పికప్‌లు. నా గిటార్‌కి మూడున్నాయి. ఒక్కోదాంట్లో అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ, కొన్ని వేల చుట్లు. అయస్కాంతం తన పైనున్న ఉక్కుతీగని కూడా కాస్త అయస్కాంతం చేస్తుంది. ఆ తీగ ఊగినప్పుడల్లా కాయిల్ గుండా వెళ్లే అయస్కాంత క్షేత్రం మారుతుంది, కాయిల్‌లో చిన్న వోల్టేజీ పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రం, ఇంటర్‌లో మనందరం బట్టీ పట్టిందే. ఆ వోల్టేజీ ఆంప్లిఫయర్‌కి చేరి మళ్లీ శబ్దమవుతుంది. అంటే పికప్ గాలిని వినదు, తీగ కదలికని మాత్రమే గమనిస్తుంది. సూత్రం ప్రకారం అంతే. ఈ "సూత్రం ప్రకారం" దగ్గరికి కాసేపట్లో మళ్లీ వస్తాను.

ఫ్యాక్టరీలో బిగించి ఇచ్చేవాటిని స్టాక్ పికప్‌లు అంటారు. ఆ మాట పలకడంలోనే కాస్త చిన్నచూపు ఉంటుంది. నాలాంటి చవక గిటార్లలో సాధారణంగా ఉక్కు కడ్డీల కింద ఒక సిరామిక్ అయస్కాంతపు పలక అంటించి ఉంటుంది. ఖరీదైన వాటిలో ఎక్కువగా ఆల్నికో వాడతారు. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్, ఇనుము కలిపిన మిశ్రమలోహం అది. వాటిలో చాలావాటికి కడ్డీలే అయస్కాంతాలు. సిరామిక్ అయినంత మాత్రాన చెడ్డదని కాదు, మంచి పేరున్న పికప్‌లలోనూ వాడతారు. కానీ "మార్చెయ్ బ్రో, రాత్రీపగలూ తేడా తెలుస్తుంది" అని చెప్పేవాళ్లే ఎక్కువ. తేడా ఎక్కడ తెలుస్తుందని అడిగితే "ఫీల్" అంటారు.

నేను అప్పుడప్పుడూ పుస్తకాల మీద రాస్తుంటాను. "ఈ రచయితకి సొంత గొంతు ఉంది" అని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. గిటార్ విషయంలో ఆ మాటే తిరగబడి నన్ను అడిగింది. ఈ గొంతు ఎవరిది? నా వేళ్లదా, చెక్కదా, తీగలదా, చైనాలో ఏదో మిషను చుట్టిన రాగిదా? మార్చాలనుకునే ముందు ఏది బాలేదో చెప్పగలగాలి కదా. పుస్తకం గురించి "ఏదో తగ్గింది" అని రాసి ఊరుకుంటే అది విమర్శ కాదు. ఏ పేజీలో, ఎందుకు తగ్గిందో చెప్పాలి.

ఈ పని బాగా చేసినవాళ్లని తలుచుకున్నాను. మొదటి మనిషి మా వైపువాడే. మేండలిన్ శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టారు. మామూలు మేండలిన్‌లో తీగలు జంటలుగా, నాలుగు జతలుంటాయి. స్వరం పుట్టీ పుట్టగానే ఆరిపోతుంది. గమకం ఊగాలంటే స్వరం కాసేపు బతికి ఉండాలి, తీగ వేలి కింద సాగాలి. ఆయన జంట తీగల బదులు అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నారు, ఎలక్ట్రిక్ వాయిద్యం పట్టుకున్నారు. అయస్కాంతమూ కాయిలూ లేకపోతే ఆ కచేరీలు మనం విన్నట్టుగా ఉండేవి కావు. ఆయన మార్చింది ఫీల్ కోసం కాదు, రాగం అడిగింది కాబట్టి.

రెండో మనిషి క్వీన్ బ్యాండ్ బ్రయాన్ మే. 1963 ప్రాంతంలో, ఇంకా స్కూల్లో ఉండగానే, తండ్రితో కలిసి ఇంట్లో గిటార్ తయారు చేయడం మొదలుపెట్టాడు. మెడ భాగానికి పాత నిప్పుగూటి చెక్క వాడారు. పికప్‌లు కూడా మొదట తనే చుట్టుకున్నాడు. అయితే తీగని పక్కకి లాగి బెండ్ చేసినప్పుడు స్వరం గరగరమనేది. పక్కపక్క అయస్కాంతాల ధ్రువాలు ఒకటి ఉత్తరం, ఒకటి దక్షిణంగా పెట్టడమే కారణం. తీగ ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి జరిగితే క్షేత్రం తిరగబడుతుంది. అప్పుడు బర్న్స్ కంపెనీ పికప్‌లు కొని పెట్టుకున్నాడు. వాటిలో కాయిళ్లు కదిలి కీచుమనకుండా అరాల్డైట్ పోసి బిగించాడు. నాన్నతో కలిసి చేసిన గిటార్‌లో తన చేత్తో చుట్టిన పికప్‌లనే తీసేశాడంటే, లోపం అంత స్పష్టంగా కనబడింది.

నేనూ నా లోపాల జాబితా రాసుకున్నాను. ఒకటి, మోత. ఒంటి కాయిల్ పికప్ ఇంట్లో కరెంటుని కూడా పట్టుకుంటుంది. మన దగ్గర 50 హెర్ట్జ్, దాని రెట్టింపులు. గిబ్సన్‌లో సెత్ లవర్ అనే ఇంజనీరు 1955లో దీనికి మందు కనిపెట్టాడు. రెండు కాయిళ్లని ఎదురెదురుగా, అయస్కాంత ధ్రువాలు కూడా ఎదురుగా పెడితే మోతకి మోత చెల్లు, తీగ స్వరానికి స్వరం తోడు. దాన్నే హంబకర్ అంటారు. కానీ రెండు కాయిళ్లు తీగని రెండు చోట్ల గమనిస్తాయి కాబట్టి మోతతో పాటు పై స్వరాల మెరుపు కూడా కొంత చెల్లిపోతుంది. రెండు, మూడో తీగ మీద బెండ్ చేస్తే స్వరం మధ్యలో నీరసపడుతుంది. మూడు, వాల్యూమ్ బాగా పెంచితే పికప్ కీచుమంటుంది. కాయిల్ చుట్లు వదులుగా ఉంటే శబ్దానికి అవి కూడా వణుకుతాయి. కంపెనీలు అందుకే చాలా పికప్‌లని కరిగించిన మైనంలో ముంచి తీస్తాయి. నావి ముంచలేదు.

ఈ మూడోది నా జాబితాలో అన్నిటికంటే పెద్ద లోపం. మూడు నెలల కిందట పాత లాప్‌టాప్ సర్దుతుంటే దాని సంగతి వేరేలా తెలిసింది.

2019 సంక్రాంతికి ఇంటికి గిటార్ పట్టుకెళ్లాను. భీమవరం దగ్గర మా ఊరు. నాన్న స్కూల్లో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. శ్రీనివాస్ క్యాసెట్లు అరిగిపోయేదాకా విన్న మనిషి. "మన పాలకొల్లు కుర్రాడు" అనేవారు, ఆ కుర్రాడు షష్టిపూర్తి వయసుకి చేరినా అలాగే అనేవారేమో, చేరలేదు. 2014లో నలభై అయిదేళ్లకే పోయాడు. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, గిటార్ నేరుగా ఇంటర్‌ఫేస్‌కి గుచ్చి, మోహనంలో ఏదో వాయించి రికార్డ్ చేస్తున్నాను. బయటికి తీగల టిక్కుటిక్కు తప్ప ఏమీ వినబడదు. నాన్న మంచం మీంచి లేచి వచ్చి గిటార్ మీదికి వంగారు, కళ్లజోడు సర్దుకుని తీగలకేసి చూస్తూ. ఆ ఫైలు మళ్లీ విన్నాను. తీగలు ఆపిన చోట, గెయిన్ బాగా పెంచితే, నూతిలోంచి వచ్చినట్టు ఒక గొంతు: "ఇదేంట్రా, తీగలు ఊగుతున్నాయి గానీ శబ్దం ఏదీ?"

ఆ రోజు మైక్ లేదు. ప్రాజెక్ట్ సెట్టింగ్స్ తెరిచి చూశాను, లాప్‌టాప్ మైక్ ఆఫ్‌లో ఉంది. రికార్డయింది గిటార్ ఒక్కటే. నమ్మకం కుదరక నేను కూడా గిటార్ మీదికి వంగి అదే మాట గట్టిగా అన్నాను. పడింది. వదులుగా ఉన్న కాయిల్, నాన్న గొంతుకి వణికింది. సూత్రం ప్రకారం పికప్ గాలిని వినకూడదు. నాది వింది, సరిగ్గా తయారు చేయలేదు కాబట్టి.

నాన్న 2021లో పోయారు. అయితే నా దగ్గర మిగిలిన ఒకే ఒక్క గొంతు ఇదేనని చెప్తే అబద్ధం. పెళ్లి వీడియోలో ఉన్నారు, వాట్సాప్‌లో "బియ్యం బస్తా పంపించాను, అందిందా" అన్న మెసేజులు ఇరవై దాకా ఉన్నాయి, ఇంతకంటే స్పష్టంగా. పైగా పికప్‌లో ఏ జ్ఞాపకమూ ఉండదు. అదేం టేపు కాదు. అందులోంచి వెళ్లింది వెళ్లిపోయింది, మిగిలింది ఫైల్లోనే. ఈ గిటార్ రేపు ఎవరికైనా ఇచ్చేసినా నాన్న మాటకి వచ్చిన నష్టం లేదు. ఇంజనీరుగా ఇంతవరకూ నాకు స్పష్టమే. అయినా కార్ట్‌లో ఉన్న పికప్‌ల వివరాల్లో "పూర్తిగా మైనం పట్టించినవి" అన్న మాట చదివినప్పుడల్లా వేలు ఆగుతోంది.

తేల్చుకోలేక సికింద్రాబాద్‌లో రిపేర్లు చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన గిటార్ ఎత్తి, ఒక్క తీగ మీటి, "ఈ తీగలు ఎప్పటివి సార్? ముందు ఇవి మార్చండి, తర్వాత పికప్‌ల సంగతి మాట్లాడదాం" అన్నారు. తర్వాత పికప్‌ల ఎత్తు చూశారు. చివరి మెట్టు మీద తీగ నొక్కిపట్టి కింద ఎంత సందుందో కొలిచారు. మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం తీగని లాగుతుంది, స్వరం తొందరగా చచ్చిపోతుంది, శ్రుతి కూడా చెదురుతుంది. రెండు స్క్రూలు తిప్పి సుమారు రెండు మిల్లీమీటర్లకి దించారు. లోపల ఎర్త్ వైరు టంకం ఊడివచ్చింది, మళ్లీ పెట్టారు. గూట్లో రాగిరేకు అంటించారు. మొత్తం పద్దెనిమిది వందలు.

జాబితాలో రెండోది పోయింది. బెండ్ చేస్తే స్వరం నిలబడుతోంది. మొదటిది సగానికి పైగా తగ్గింది. మిగిలిన మోత గిటార్ పట్టుకుని కాస్త తూర్పుకి తిరిగి కూచుంటే ఇంకా తగ్గుతోంది. వాస్తు కాదు, కాయిల్ ఏ దిక్కుకి ఉందన్నదాన్ని బట్టి మోత మారుతుంది. మూడోది అలాగే ఉంది. "మైనంలో ముంచేద్దామా సార్? అయిదొందలు. కొత్తవి కొనక్కర్లేదు" అన్నారాయన. పదకొండు వేల ప్రశ్న అయిదొందలకి దిగింది గానీ ప్రశ్న మారలేదు. కీచుమనే గుణమూ, వంగిన మనిషి మాట పట్టుకునే గుణమూ ఒకటే. ఒకటి ఉంచి ఒకటి తీయడానికి లేదు.

ఇలాంటిది కథల్లోనూ చూశాను. ఒక్కోసారి కొత్త రచయిత వాక్యం వదులుగా ఉంటుంది, పక్కింటి వాళ్ల మాటలు, అమ్మ సాధింపులు, బస్సు కండక్టర్ కేకలు అడక్కుండానే లోపలికి వచ్చేస్తాయి. తర్వాతి పుస్తకానికి వాక్యం బిగుసుకుంటుంది. తప్పుల్లేవు, గరగర లేదు. బయటివాళ్లు కూడా లేరు. బిగువు చెడ్డదని అనను. పెద్ద వేదిక మీద నిలబడాలంటే అది కావాలి. బ్రయాన్ మే స్టేడియంలో వాయిస్తాడు, ఆయనకి అరాల్డైట్ కావాలి.

నేను మియాపూర్‌లో మూడో అంతస్తులో, పాప పడుకున్నాక, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయిస్తాను. పికప్ కీచుమనాలంటే ఎదురుగా ఆంప్ గట్టిగా మోగాలి. తొమ్మిదేళ్లలో అలా జరిగింది రెండుసార్లు, రెండూ ఆఫీసు ఫంక్షన్లలో. అంటే నా జాబితాలో అన్నిటికంటే పెద్ద లోపం నా గదిలో లేనే లేదు. ఎవరో వాయించే స్టేజీ మీది లోపాన్ని నా పేరు మీద రాసుకున్నాను.

అందుకని మార్చట్లేదు, ముంచట్లేదు కూడా. ఇది మొక్కు కాదు. ఎప్పుడైనా నిజంగా నలుగురి ముందు, గట్టిగా మోగే ఆంప్ పెట్టి వాయించే రోజొస్తే అప్పుడు మార్పిస్తాను, దానికి బాధపడను. ఆ రోజు వచ్చేదాకా ఈ పికప్ వినకూడనివి వింటూ ఉండనీ. మా పాపకి నాలుగేళ్లు. నేను వాయిస్తుంటే ఊరికే ఉండదు.

కార్ట్ ఖాళీ చేశాను. మోహనంలో రిషభం నొక్కి, మూడో తీగని గాంధారం దాకా లాగడం రోజూ పావుగంట సాధన చేస్తున్నాను. స్వరం ఇప్పుడు మధ్యలో చావట్లేదు. గాంధారం మాత్రం ఇంకా ఒక్క వెంట్రుకవాసి తక్కువే పలుకుతోంది. దానికి ఏ పికప్పూ లేదు.