కరెంటు పోతే పలికే రేడియో

విశాఖ రేవు దాటిన కొన్ని గంటలకే ఓడలో సెల్‌ఫోన్లు ఒక్కొక్కటే చేతులెత్తేస్తాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ కనుమరుగవుతుంది. ఇక రెండున్నర రోజులు నీళ్లు, ఆకాశం, క్యాంటీన్ ముందు క్యూ... అంతే. అండమాన్ వెళ్లే ఓడ విశాఖ నుంచి ఎప్పుడో గాని ఉండదు. చెన్నై, కోల్‌కతాల నుంచైతే తరచుగా ఉంటాయి. అందుకే విశాఖ ఓడ వచ్చిందంటే డెక్కంతా శ్రీకాకుళం యాసే. పెళ్లికో, పండక్కో ఊరికొచ్చి తిరిగి దీవులకు వెళ్తున్న కుటుంబాలు, ఆవకాయ సీసాలు, తాళ్లు బిగించిన అట్టపెట్టెలు. ఆ సామానులోనే, బట్టల మధ్య జాగ్రత్తగా చుట్టిన చిన్న రేడియో ఉండటం ఒకప్పుడు మామూలు సంగతి.

ఓడలో రేడియో వినాలంటే పైకి రావాల్సిందే. కింద బంకు క్లాసులో చుట్టూ ఇనప గోడలు. అక్కడ ఎంత ఖరీదైన సెట్టయినా చెవిటిదే. డెక్కు మీద ఏరియల్ లాగితే చాలు, ప్రాణం లేచొస్తుంది. మొదటి సాయంత్రం విశాఖ మీడియం వేవ్ స్టేషను పక్కింట్లో మోగుతున్నంత స్పష్టంగా పలికేది. ఉప్పునీళ్లంటే మీడియం వేవ్‌కు తారు రోడ్డు లాంటివి మరి. నేల మీద కంటే సముద్రం మీద అది చాలా దూరం పోతుంది. మర్నాడు మధ్యాహ్నానికి మాత్రం ఆ గొంతు పలచబడి, గరగరలో కలిసిపోయేది. రాత్రయ్యాక మళ్లీ వచ్చేది, కెరటంలా లేస్తూ పడుతూ. అప్పుడే ఎవరో ఒకరు బ్యాండు మీట పక్కకు నొక్కేవారు. ఎస్‌డబ్ల్యూ-1, ఎస్‌డబ్ల్యూ-2. షార్ట్‌వేవ్ కథ అక్కడ మొదలవుతుంది.

ఇంతకీ షార్ట్‌వేవ్ అంత దూరం ఎలా పోతుంది? భూమికి రెండు మూడు వందల కిలోమీటర్ల పైన, ఎండకు విద్యుదావేశం పుంజుకున్న గాలి పొరలున్నాయి. వాటినే అయనోస్ఫియర్ అంటారు. షార్ట్‌వేవ్ తరంగం ఏటవాలుగా వెళ్లి ఆ పొరకు తగిలి వంగి, వేల కిలోమీటర్ల అవతల నేలకు దిగుతుంది. అక్కణ్నుంచి మళ్లీ పైకి. చెరువులో విసిరిన పెంకు గెంతుకుంటూ పోయినట్టన్నమాట. పగలు ఆ పొరలకు అడుగున ఇంకొకటి తయారవుతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీలను అది మింగేస్తుంది. సూర్యుడు దిగాడో లేదో అది చెదిరిపోతుంది. అందుకే పగలు 19, 25 మీటర్ల బ్యాండ్లు, పొద్దు గూకాక 41, 49. పాత శ్రోతలకు ఈ లెక్క పంచాంగంలా కంఠతా వచ్చు, పొరల పేర్లు తెలియకపోయినా.

ఓడ పోర్ట్‌బ్లెయిర్ చేరుతుంది. (2024 సెప్టెంబరులో ఆ ఊరి పేరు శ్రీవిజయపురంగా మారింది. పాత పేరుతో పెరిగినవాళ్ల నోట ఇంకా పోర్ట్‌బ్లెయిరే.) దిగిన రోజు సాయంత్రం కొత్తవాళ్లను కంగారుపెట్టేది చీకటి. డిసెంబరులోనైతే అయిదింటికే పొద్దు కుంకుతుంది. మన గడియారం కాకినాడ పక్కగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశానిది. పోర్ట్‌బ్లెయిర్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. అంటే అక్కడి సూర్యుడు మన గడియారం కంటే నలభై నిమిషాలు ముందు నడుస్తాడు. ఆఫీసులకు ఇది తలనొప్పే గానీ రేడియో పెట్టుకునేవారికి పండగ. కోస్తాలో ఇంకా ఎండ వెలుగు ఉండగానే దీవుల్లో రాత్రి బ్యాండ్లు తెరుచుకుంటాయి. తూర్పు నుంచి థాయ్, వియత్నామీస్, చైనీస్, ఇండోనేసియా గొంతులు ముందొస్తాయి. హిందీ, తమిళం, తెలుగు వాటి వెనక. మ్యాపులో చూస్తే ఇందులో వింతేమీ లేదు. ఆ దీవుల కొసకు చెన్నై కంటే సుమత్రా ఎంతో దగ్గర.

ఆ దీవుల్లో తెలుగు కొత్త మాటేమీ కాదు. 2011 జనాభా లెక్కల్లో దాదాపు 13 శాతం మంది తమ మాతృభాష తెలుగని రాయించారు. చేపలవేట మీద వచ్చినవాళ్లు, రేవు పనులకూ కట్టుబడి పనులకూ వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు. వీళ్లకు సొంతూరు రేడియోలోనే ఉండేది. హైదరాబాద్ ఆకాశవాణి 4800 కిలోహెర్ట్‌జ్ మీద షార్ట్‌వేవ్‌లో పలికిన కాలంలో, రాత్రి గాలి అనుకూలిస్తే దీవుల్లో తెలుగు వార్తలు వినిపించేవి. అనుకూలించకపోతే ముక్క ముక్కగా. వార్తల్లో సగం విని, మిగతా సగం ఊహించుకోవడం ఈ శ్రోతలకు అలవాటైన విద్య.

పోర్ట్‌బ్లెయిర్‌కు సొంత ఆకాశవాణి కేంద్రం 1963లో వచ్చింది. మీడియం వేవ్‌తో పాటు దానికి షార్ట్‌వేవ్ కూడా ఉండేది. 4760 కిలోహెర్ట్‌జ్, అంటే 63 మీటర్ల తరంగం. ఎందుకా నంబరు? ఉష్ణమండలంలో మెరుపులెక్కువ. ఆ గరగర మీడియం వేవ్‌ను చెడగొడుతుంది. అందుకని ఇలాంటి దేశాలు తమ ఇంటి అవసరాలకే వాడుకునేందుకు 60 మీటర్ల ప్రాంతంలో కొంత చోటు విడిచిపెట్టారు. ఈ బ్యాండులో తరంగాన్ని దాదాపు నిట్టనిలువుగా పైకి పంపితే అది పొరకు తగిలి చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర జల్లులా కురుస్తుంది. కొండ అడ్డమొచ్చింది, అడవి అడ్డమొచ్చింది అనే పేచీ లేదు. ఉత్తరం నుంచి దక్షిణానికి ఎనిమిది వందల కిలోమీటర్లు పరుచుకున్న దీవులివి. కార్ నికోబార్ పోర్ట్‌బ్లెయిర్‌కు 270 కిలోమీటర్లు, క్యాంప్‌బెల్ బే అయితే 540. ఓడ వస్తే ఉత్తరం, లేకపోతే లేదు. అలాంటి చోట జేబులో పట్టే సెట్టు తపాలా కట్ట పని చేసింది.

ఇదే 4760 మీద లద్దాఖ్‌లోని లేహ్ కేంద్రం కూడా ప్రసారాలు చేసేది. ఒకటి మంచుకొండల మధ్య, ఇంకొకటి సముద్రం నడుమ. రెంటికీ ఒకటే నంబరు! దూరదేశాల్లో స్టేషన్లను వేటాడే శ్రోతలకు ఇది మంచి సరదా. పోర్ట్‌బ్లెయిర్‌లో తెల్లారాక గానీ లేహ్‌లో తెల్లారదు. ఆ తేడాను బట్టి వినిపిస్తున్నది కొబ్బరిచెట్ల గొంతో, మంచుకొండల గొంతో పోల్చుకునేవారు.

ఇక సెట్టు సంగతి. దీవుల్లో రేడియోకు మొదటి శత్రువు ఉప్పుగాలి. ఏరియల్ కీళ్లలో ఉప్పు పేరుకుంటుంది. లాగితే కిర్రుమంటుంది, ఓ రోజు విరుగుతుంది. సెల్లులు కారిపోయి స్ప్రింగులు చిలుమెక్కుతాయి. వాడని నెలల్లో సెల్లులు తీసి విడిగా పెట్టడం, వారానికోసారి ఏరియల్‌ను పొడిగుడ్డతో తుడవడం... ఈ రెండు పనులు చేసినవాడి సెట్టు పాతికేళ్లు బతుకుతుంది. చేయనివాడిది రెండు వానాకాలాలు. అయిదారు మీటర్ల మామూలు కరెంటు తీగ ఒకటి తీసుకుని, ఒక కొస కొబ్బరిచెట్టుకు కట్టి, రెండో కొసను క్లిప్పుతో ఏరియల్‌కు తగిలిస్తే అంతకుముందు గొణిగిన స్టేషను గొంతెత్తుతుంది. అలాగని యాభై మీటర్లు కట్టకూడదు. చవక సెట్టు అంత సంకేతాన్ని భరించలేదు. పది స్టేషన్లూ ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగమవుతాయి. ఉరిమే వేళ తీగ విప్పేయాలని వేరే చెప్పక్కర్లేదు.

రెండో శత్రువు ఇంట్లోనే ఉంది. ఫోను ఛార్జరు, ఎల్‌ఈడీ బల్బు, ఇన్వర్టరు... ఇవన్నీ షార్ట్‌వేవ్‌లో తుమ్మెదల్లా ఝుమ్మంటాయి. ఎనభయ్యో దశకంలో ఇంటి మధ్యలో కూర్చుని విన్న స్టేషను ఇవాళ అదే సెట్టులో, అదే కుర్చీలో వినపడకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. రేడియో పాడైందని రిపేరుకు తీసుకెళ్లేవారున్నారు. అది పాడవ్వలేదు, ఇల్లు మారింది. నమ్మకం కుదరాలంటే కరెంటు పోయేదాకా ఆగాలి. దీవుల్లో కరెంటు చాలావరకు డీజిల్ జనరేటర్లదే, కోతలు మామూలే. ఊరు ఒక్కసారిగా చీకటవుతుంది. ఫ్యాన్లు ఆగుతాయి. ఆ క్షణాన రెండు సెల్లుల మీద నడుస్తున్న రేడియోలో గరగర ఎవరో తుడిచేసినట్టు మాయమై, గొంతులు బయటికొస్తాయి. కరెంటు పోతే పలికే వస్తువు ఇంట్లో ఇంకేముంది?

ఈ మాటకు దీవుల్లో వేరే బరువుంది.

2004 డిసెంబరు. భారతీ ప్రసాద్ అనే హామ్ రేడియో ఆపరేటరు నాయకత్వంలో, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున ఒక చిన్న బృందం పోర్ట్‌బ్లెయిర్ చేరింది. అండమాన్ నుంచి హామ్ రేడియో పలికి అప్పటికి ఏళ్లు గడిచాయి. అనుమతులు దొరకడమే గగనం. అందుకే వీయూ4ఆర్బీఐ అనే సంకేతం గాలిలోకి రాగానే ప్రపంచం నలుమూలల నుంచి హామ్‌లు ఎగబడ్డారు. వేల సంభాషణలు నడిచాయి. ఒక్కోటీ కొన్ని సెకన్లే. పేరు, సిగ్నల్ ఎంత బాగుందో చెప్పే అంకె, సెలవు. బయటివారికి ఇదేం సరదానో అర్థం కాదు.

డిసెంబరు 26, ఆదివారం. ఉదయం ఆరున్నరకు భూమి కంపించింది. తర్వాత సముద్రం లేచింది. కార్ నికోబార్ నుంచి గ్రేట్ నికోబార్ దాకా ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. వేలమంది పోయారు. ఇందిరా పాయింట్ దగ్గర నేలే నాలుగు మీటర్లకు పైగా కుంగింది. లైట్‌హౌస్ అడుగుభాగం ఇప్పటికీ నీళ్లలోనే ఉంది. పోర్ట్‌బ్లెయిర్‌లో కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. సరదా కోసం తెచ్చిన ఆ హామ్ స్టేషను ఆ రోజు నుంచీ కబుర్లు మోసింది. ఫలానావారు క్షేమం, ఫలానా చోట మందులు కావాలి, ఫలానా కుటుంబం జాడ తెలియలేదు... దీవుల నుంచి బయటికి మాట వెళ్లిన కొద్ది దారుల్లో అదొకటి. ఆ తర్వాత కార్ నికోబార్‌కు కూడా హామ్‌లు వెళ్లి స్టేషను పెట్టారు. 2006 ఏప్రిల్‌లో పోర్ట్‌బ్లెయిర్‌లో విదేశీ హామ్‌లు కూడా కలిసి ఉత్సవం జరుపుకోగలిగారంటే, ఆ డిసెంబరులో సంపాదించుకున్న నమ్మకం వల్లే అనుకోవాలి.

మామూలు రేడియో ఉన్నవారు ఆ సంభాషణలను వినగలిగేవారా? దాదాపు లేదు. మామూలు స్టేషను పంపే శక్తిలో సగానికి పైగా, మాటను మోసే క్యారియర్ తరంగానికే ఖర్చవుతుంది. హామ్‌లు ఆ క్యారియర్‌ను తీసేసి, మాటలో ఒక పక్క భాగాన్ని మాత్రమే పంపుతారు. అది మామూలు సెట్టులో బాతు అరుపులా ఉంటుంది. ఎస్‌ఎస్‌బీ అనే మీట ఉన్న సెట్టు, తీసేసిన క్యారియర్‌ను తానే తయారుచేసి కలుపుకుంటుంది. అప్పుడు బాతు కాస్తా మనిషవుతుంది. రెండు సెట్ల మధ్య ఎటూ తేల్చుకోలేనివారు ఆ మీట ఉన్నదే కొనడం మంచిది. ధర కాస్త ఎక్కువే. వినడానికి లైసెన్సు అక్కర్లేదు, మాట్లాడాలంటేనే పరీక్ష రాయాలి. ఎనభయ్యో దశకం మధ్య వరకూ వినడానికి కూడా పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు తీసుకునేవారంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

అయితే సెట్టు ఎంత మంచిదైనా అవతల పలికేవాడుండాలి కదా! రేడియో ఆస్ట్రేలియా 2017 జనవరి 31న షార్ట్‌వేవ్ ఆపేసింది. సరిగ్గా మూడేళ్లకు, 2020 జనవరి 31న, బీబీసీ హిందీ. ఆకాశవాణి ప్రాంతీయ షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్లలో చాలా భాగం ఒక్కొక్కటిగా మూగబోయాయి. అదే 2020 ఆగస్టులో చెన్నై నుంచి అండమాన్‌కు 2,300 కిలోమీటర్ల కేబుల్ సముద్రం అడుగున వేసి ప్రారంభించారు. అప్పటిదాకా ఉపగ్రహం మీద వేలాడిన ఇంటర్నెట్ ఒక్కసారిగా పరుగందుకుంది. దీవుల పిల్లలకు అదెంత మేలో కాదనేవారెవరూ ఉండరు. సొంతూరి తెలుగు ఛానెల్ ఇప్పుడు ఫోనులో అద్దంలా కనిపిస్తుంది. గరగర లేదు, ఊహించుకోవాల్సిన సగం లేదు.

కాకపోతే కేబుల్‌కు రెండు చివరలుంటాయి. మధ్యలో టవరు, టవరుకు కరెంటు, కరెంటుకు డీజిల్, డీజిల్‌కు ఓడ. వీటిలో ఏ ఒక్కటి తెగినా ఫోను టార్చిలైటే. షార్ట్‌వేవ్‌లో పలికేవాడికీ వినేవాడికీ నడుమ ఉన్నది ఆకాశమొక్కటే. ఒక ట్రాన్స్‌మిటరును లెక్కల్లో నష్టంగా రాసి కట్టేసేటప్పుడు ఈ సంగతిని ఏ గడిలో రాశారో మరి!

తుపాను రోజుల్లో, మే నెలలోనో నవంబరులోనో, పోర్ట్‌బ్లెయిర్ శివారు కార్బిన్స్ కోవ్ ఒడ్డున రేడియో పెడితే ఇప్పటికీ బ్యాండు ఖాళీగా ఉండదు. చైనా స్టేషన్లు నిండుగా వస్తాయి. ముల్లు 4760 దగ్గరికి తెస్తే మాత్రం ఉత్త హోరు. ఆ హోరులో ఉండుండి టప్పు టప్పుమని చిటపటలు. ఎక్కడో సముద్రం మీద మెరుపులు పడుతున్నాయన్నమాట. అవి దగ్గరపడి వరసగా మోగుతుంటే పాతకాపులు ఇంకేమీ వినరు. ఏరియల్ మడిచి, తీగ విప్పి, పడవ పైకి లాగడానికి లేస్తారు.