రెండేళ్లే బతికే ర్యాంకు

ర్యాంకు అనే మాటకు తెలుగిళ్లలో ఉన్నంత బరువు మరెక్కడా ఉండదేమో. వేసవి వచ్చిందంటే చాలు, టీవీ పెడితే ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అంటూ ఊపిరి తిప్పుకోకుండా ర్యాంకులు చదివేస్తుంటారు. రోడ్డెక్కితే ఫ్లెక్సీల నిండా పిల్లల ఫొటోలు, ఒక్కో ఫొటో కింద ఒక్కో అంకె. 2024 నుంచి తెలంగాణలో పరీక్ష పేరు ఎప్‌సెట్ అయినా మన నోళ్లలో ఇంకా ఎంసెటే. పేరేదైతేనేం, ఒక్క పూట రాసిన పరీక్షకు వచ్చిన అంకె పిల్లాడికి ఇంటిపేరులా అతుక్కుపోతుంది.

ఇంకో రకం ర్యాంకు కూడా ఉందని నాకు చెప్పింది చదువు కాదు, స్నూకర్.

మేముండేది మోకిలలో. ఒకప్పుడు పొలాలూ తోటలూ ఉన్న ఈ శంకర్‌పల్లి దారి పొడవునా ఇప్పుడన్నీ విల్లాలే. 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ ఇక్కడ ప్లాట్లు వేలం వేస్తే గజం లక్ష రూపాయలు దాటి పలికింది. విల్లాలన్నాక క్లబ్‌హౌస్, క్లబ్‌హౌస్ అన్నాక ఈతకొలను, జిమ్ము, ఓ స్నూకర్ బల్ల ఉండాల్సిందే. ఆ బల్ల పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. కర్ర వెనక్కి లాగి కొట్టాలి కాబట్టి చుట్టూ జాగా వదలాలి. గది ఇరవై రెండడుగులు, పదహారడుగులు ఉంటే గానీ ఆట కుదరదు. అంటే సుమారు నలభై గజాలు. ఆ వేలం ధరలో లెక్క వేసుకుంటే నలభై లక్షల నేల! అంతటి నేల మీద కూర్చున్న మా బల్ల ఏడాదిలో సగం రోజులు ముసుగు తన్ని పడుకునే ఉంటుంది.

కిందటేడు వేసవిలో ఆ ముసుగు తీసినవాడు మా అక్కయ్య కొడుకు. వాడి ర్యాంకు ఆరంకెల్లో వచ్చింది. ఇంట్లో ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అక్కయ్య అన్నం వడ్డించి వంటింట్లోకి వెళ్లిపోయేది, బావగారు పేపరు చాటు నుంచి బయటికొచ్చేవారు కాదు. నాలుగు రోజులు గాలి మారుతుందని వాణ్ని మా దగ్గరికి పంపించారు. వచ్చిన మర్నాటి నుంచీ వాడు క్లబ్‌హౌస్‌లోనే మకాం.

అక్కయ్య ఫోన్ చేసి "ఏం చేస్తున్నాడురా?" అంది.

"స్నూకర్ ఆడుతున్నాడక్కా."

అవతల కాసేపు చప్పుడు లేదు. మా తరానికి స్నూకర్ పార్లర్ అంటే సిగరెట్ పొగ, చదువు అటకెక్కించిన కుర్రాళ్లు. అక్కయ్య భయం నాకు అర్థమైంది.

నిజానికి ఈ ఆట పుట్టింది మన దేశంలోనే. 1875లో జబల్‌పూర్‌లో, పని లేక విసిగిపోయిన బ్రిటిష్ సైనికాధికారులు బిలియర్డ్స్ బల్ల మీద రంగు బంతులు కలిపి దీన్ని కనిపెట్టారని చెబుతారు. దానికో రూపు వచ్చింది ఊటీ క్లబ్బులో. ఆ తర్వాత ఆట ఇంగ్లండ్ వెళ్లిపోయి అక్కడే పెద్దదైంది. పుట్టింటికి పెద్ద టోర్నీగా తిరిగి రావడానికి చాలా కాలం పట్టింది. ప్రొఫెషనల్ ర్యాంకింగ్ టోర్నీ ఇండియన్ ఓపెన్ 2013లో ఢిల్లీలో మొదలైంది. ఆ మొదటిసారే ముంబై ఆటగాడు ఆదిత్య మెహతా ఫైనల్‌కు వెళ్లాడు. ర్యాంకింగ్ టోర్నీ ఫైనల్ ఆడిన తొలి భారతీయుడు అతనే. చైనా ఆటగాడు డింగ్ జున్‌హుయ్ చేతిలో 0-5తో ఓడిపోయాడు.

2016 జులైలో ఆ టోర్నీ హైదరాబాద్ వచ్చింది. మాదాపూర్ హెచ్‌ఐసీసీలో, మా మోకిలకు గంటలోపు దూరంలో. అప్పట్లో పేపర్లో చిన్న వార్తగా చదివిన గుర్తు. ప్రపంచం నలుమూలల నుంచీ ఆటగాళ్లొచ్చారు. చాలామంది ఇంగ్లండ్‌లో అర్హత మ్యాచ్ నెగ్గి మరీ వచ్చినవాళ్లు. ఏడు ఫ్రేముల మ్యాచ్‌లు, నాలుగు ఎవరు ముందు గెలిస్తే వాళ్లు పై రౌండుకు. ఫైనల్లో మాత్రం అయిదు గెలవాలి. ఫైనల్ చేరింది ఇద్దరు కుర్రాళ్లు. గ్లాస్గో నుంచి వచ్చిన ఆంథోనీ మెక్‌గిల్‌కు ఇరవై అయిదేళ్లు, ఇంగ్లండ్ ఆటగాడు కైరన్ విల్సన్‌కు ఇరవై నాలుగు. మెక్‌గిల్ 5-2తో గెలిచాడు. అతనికదే మొదటి ర్యాంకింగ్ టైటిల్. బహుమతి యాభై వేల పౌండ్లు, అప్పటి లెక్కన మన డబ్బుల్లో నలభై లక్షల పైనే.

ఓ సాయంత్రం మా వాడు కర్రకు సుద్ద రుద్దుతూ అడిగాడు. "మావయ్యా, ఇందులో కూడా ర్యాంకులుంటాయా?"

ఉంటాయి. పద్ధతే వేరు. ర్యాంకింగ్ టోర్నీలో గెలుచుకున్న ప్రతి పౌండూ ఆటగాడి ఖాతాలో పాయింటు లాంటిదే. 2014 నుంచీ ఇదే లెక్క. గత రెండేళ్లలో ఎవరి ఖాతాలో ఎంతుందో చూసి ర్యాంకు ఇస్తారు. అసలు కిటుకంతా ఆ రెండేళ్ల మాటలో ఉంది. రెండేళ్లు నిండగానే పాత టోర్నీ డబ్బు లెక్కలోంచి రాలిపోతుంది. హైదరాబాద్‌లో మెక్‌గిల్ సంపాదించిన యాభై వేలు 2018లో అలాగే రాలిపోయాయి. ఎంత గొప్ప గెలుపైనా రెండేళ్లే బతుకుతుంది. ఎంత చెత్తగా ఆడిన సీజనైనా రెండేళ్లకు మాసిపోతుంది.

ఈ పద్ధతికి దయ ఎక్కువని నేననను. టూర్‌లో ఉండేది నూట ఇరవై ఎనిమిది మంది. సీజన్ చివర మొదటి అరవై నాలుగు స్థానాల్లో లేనివాడు వేరే దారిలో అర్హత తెచ్చుకోకపోతే టూర్‌లోంచి బయటికి వెళ్లాల్సిందే. నాకౌట్ టోర్నీలో మొదటి రౌండు ఆడినవాళ్లలో సగం మంది అక్కడే ఇంటికెళ్తారు. విమానం టికెట్టు, హోటల్ ఖర్చు ఓడినా గెలిచినా ఒక్కటే. అయినా ఇందులో తలుపు మూసుకుపోవడం అంటూ ఉండదు. దానికి సాక్ష్యం హైదరాబాద్‌లో ఫైనల్ ఓడిన విల్సనే.

అతను 2010లో ప్రొఫెషనల్ అయ్యాడు. ఒక్క సీజన్‌కే టూర్‌లో చోటు పోయింది. రెండేళ్లు బయట ఉండి 2013లో మళ్లీ అర్హత టోర్నీలు ఆడి లోపలికొచ్చాడు. 2015లో షాంఘైలో మొదటి టైటిల్ కొట్టాడు. 2016లో మన హైదరాబాద్‌లో ఓటమి. 2020లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్లో అతనికి ఎదురుపడింది మళ్లీ మెక్‌గిలే! ముప్పై రెండు ఫ్రేములయ్యాక స్కోరు 16-16. ఆఖరి ఫ్రేమ్‌లో ఇద్దరి పాయింట్లూ కలిపితే 186. విల్సన్ కొట్టిన ఆకుపచ్చ బంతి అనుకోకుండా జేబులో పడింది. గెలిచి కూడా అతను కన్నీళ్లు పెట్టుకున్నాడు, అలా గెలవాలనుకోలేదని. ఆ ఫైనల్లో ఓసలివన్ చేతిలో 8-18తో ఓడాడు. 2024 మేలో మాత్రం జాక్ జోన్స్‌ను 18-14తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. సరిగ్గా ఏడాది తిరక్కుండానే, 2025 ఏప్రిల్‌లో, అదే టోర్నీ తొలి రౌండ్‌లో చైనా కుర్రాడు లెయ్ పైఫాన్ చేతిలో 9-10తో ఇంటిదారి పట్టాడు.

మరి మెక్‌గిల్ సంగతి? హైదరాబాద్ తర్వాత ఏడాది, 2017 సెప్టెంబరులో ఇండియన్ ఓపెన్ విశాఖపట్నంలో జరిగింది. కిందటేటి విజేతగా వచ్చి మళ్లీ ఫైనల్ చేరాడు. ఈసారి జాన్ హిగ్గిన్స్ 5-1తో ఓడించాడు. నలభై రెండేళ్ల హిగ్గిన్స్‌కు అది ఇరవై తొమ్మిదో ర్యాంకింగ్ టైటిల్. 2019లో కొచ్చిలో జరిగాక ఇండియన్ ఓపెన్ మళ్లీ మన వైపు రాలేదు.

ఇదంతా విన్నాక వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నేను అనుకోని ప్రశ్న వేశాడు.

"విల్సన్ టూర్‌లోంచి పడిపోయినప్పుడు వాళ్లింట్లో ఏమన్నారు మావయ్యా?"

నా దగ్గర జవాబు లేదు. ఫలితాల పట్టికలో అలాంటి వాటికి గడి ఉండదు. ఎవరు ఎవర్ని ఎంత తేడాతో ఓడించారో ఉంటుంది గానీ, ఓడినవాడు ఇంటికెళ్లి తలుపు కొడితే లోపల్నుంచి ఎవరు ఏ మొహంతో తీశారో ఉండదు. ఒక్కటి మాత్రం నాకు తెలుసు. రెండేళ్ల తర్వాత మళ్లీ ప్రయత్నించాలంటే ఆ రెండేళ్లూ అన్నం పెట్టి, ఆ అంకె గురించి ఎత్తనివాళ్లు ఎవరో ఒకరు ఉండాలి.

ఆ రాత్రి అక్కయ్యకు ఫోన్ చేశాను. వాడు స్నూకర్ ఆటగాడైపోతాడని చెప్పలేదు. వాడికీ ఆ ఉద్దేశం లేదు. ఆట వాడికి ఊపిరి తీసుకోవడానికి దొరికిన చోటు, అంతే. వాడు అడిగిన ప్రశ్న మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. అక్కయ్య ఏమీ అనలేదు. ఫోన్ పెట్టేసే ముందు "రేపు పప్పుచారు పెడతానని చెప్పు, తీసుకొచ్చెయ్" అంది.

వాడిప్పుడు సిటీలో బీఎస్సీ చదువుతున్నాడు, తనకిష్టమైన లెక్కలే తీసుకున్నాడు. ఎలా చదువుతాడో, ఏమవుతాడో ఇప్పుడే చెప్పడం తొందరపాటు. మొన్న పెళ్లిలో ఎవరో దూరపు చుట్టం అక్కయ్యను పట్టుకుని "మీ వాడికి ర్యాంకెంతొచ్చింది?" అని అడిగింది. పక్కనే ఉన్న నేను ఇబ్బందిగా కదిలాను.

అక్కయ్య తాంబూలం అందుకుంటూ తొణక్కుండా చెప్పింది. "అది రెండేళ్లకోసారి మారుతుంది వదినా. ఆగి అడుగు."