నల్లమాడ కొండలకి ఏ లెన్సు?

కదిరి నుంచి నల్లమాడ వైపు వస్తుంటే వేరుశనగ చేలు, వాటి వెనక గుండ్లు తేలిన బోడి కొండలు. కెమెరా పట్టుకున్నవాడికి వెంటనే వైడ్ యాంగిల్ తగిలించాలనిపిస్తుంది. అక్కడే వస్తుంది తంటా! 28 ఎం.ఎం. లెన్సులో అంత కొండా చీమలపుట్టంత అయి కూచుంటుంది. ఫ్రేమంతా ఎర్రమట్టే!

35 ఎం.ఎం. కెమెరావాళ్ళు 105 గానీ, 135 గానీ తెచ్చుకోండి. చేనుకి బాగా దూరం జరిగి తీస్తే కొండ గట్టు పక్కకే వచ్చి నిలబడినట్టుంటుంది. గమ్మత్తేమిటంటే, ఆ పని చేసేది లెన్సు కాదు, మన కాళ్ళు. లెన్సు కావలసినంత మేర కత్తిరించి ఇస్తుంది, అంతే.

అందుకే నా ఓటు యాషికామాట్‌కి. 120 రోలు కెమెరా అది. దాని 80 ఎం.ఎం. లెన్సు మార్చే వీల్లేదు గనక నడవక తప్పదు. నెగెటివ్ పెద్దది కాబట్టి తర్వాత కొండమేరకు కోసుకోవచ్చు.

సినిమాస్కోప్ సంగతి వేరు. తెలుగులో తొలి స్కోప్ చిత్రం 'అల్లూరి సీతారామరాజు' (1974). ఆ లెన్సు వెడల్పుని సగానికి నొక్కి అదే 35 ఎం.ఎం. ఫిలిం మీదికెక్కిస్తుంది, హాల్లో ప్రొజెక్టర్ లెన్సు మళ్ళీ సాగదీస్తుంది. కొండల వరసకి భేషైన కొలత!

మరి 28 దండగేనా? కాదు. కదిరికి తిరిగొచ్చి తిమ్మమ్మ మర్రిమానుకి వెళ్ళండి. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన చెట్టు. బయట నుంచి ఏ లెన్సుకీ లొంగదు. ఊడల మధ్యకి దూరితే 28కి చేతినిండా పని. నీడ మాత్రం చిక్కన. 100 స్పీడు ఫిలిమైతే స్టాండు మరిచిపోకండి.