పదిహేను మందిలో నా కళ్లు బౌలర్ల మీదే!

ప్రపంచకప్‌కి టీమ్‌ ప్రకటిస్తే చాలు, ప్రతి వాట్సాప్‌ గ్రూపులోనూ ఒక సెలెక్షన్‌ కమిటీ తయారవుతుంది. 2025 ఆగస్టు 19న మహిళల వన్డే ప్రపంచకప్‌కి 15 మంది పేర్లు రాగానే మా గ్రూపూ మోగిపోయింది. ‘షెఫాలీ లేకుండా టీమ్‌ ఏంట్రా?’ అని ఒకడు. ‘స్మృతి ఉంటే చాలు, కప్పు మనదే’ అని ఇంకొకడు. ఆ గొడవ చాలా రోజులు నడిచింది. సెప్టెంబర్‌ 30న గువాహటిలో శ్రీలంకతో మొదటి మ్యాచ్‌ పడేదాకా ఆగలేదు కూడా.

నాకో అలవాటుంది. టీమ్‌ చూడగానే పేర్లు పక్కనపెట్టి, ముందు పనులు రాసుకుంటా. 20 పరుగులకే 2 వికెట్లు పోతే నిలబడేది ఎవరు? ఆఖర్లో ఓవర్‌కి ఎనిమిది కావాలంటే కొట్టేది ఎవరు? 41 నుంచి 50 ఓవర్ల దాకా బంతి ఎవరి చేతికి? ఆ తర్వాతే ఎవరి పేరు ఎక్కడ పడుతుందో చూస్తా.

ఈ అలవాటు 2017 జులై 23న పట్టుకుంది. లార్డ్స్‌లో ఇంగ్లాండ్‌తో ఫైనల్‌. అప్పుడు నేను ఇంటర్‌. 229 కొడితే కప్పు మనది. 191 దగ్గర మూడే వికెట్లు పోయాయి. ఏడు ఓవర్ల చిల్లర ఉంది, 38 పరుగులు చాలు. మా ఇంట్లో అప్పటికే స్వీట్ల గురించి మాట్లాడుకుంటున్నారు. తర్వాత 28 పరుగుల్లో 7 వికెట్లు పోయాయి. 9 పరుగుల తేడాతో ఓడిపోయాం. మిథాలీ రాజ్‌, ఝులన్‌ గోస్వామి, హర్మన్‌ప్రీత్‌.. ఆ టీమ్‌లో పెద్ద పేర్లకి కొదవే లేదు. ఆ 38 పరుగుల పని మాత్రం ఎవరిదో తేలలేదు.

అంతకుముందు 2005 ఫైనల్లోనూ ఓటమే. అంటే 2025కి ముందు వన్డే కప్పు మనమ్మాయిల చేతికి రాలేదు. మిథాలీ, ఝులన్‌ ఇద్దరూ రిటైరయ్యాక 2025దే తొలి వన్డే ప్రపంచకప్‌. పైగా సొంతగడ్డ మీద. మరి ఈ టీమ్‌లో ఏ పని ఎవరు చేస్తారో చూద్దామా?

ఓపెనింగ్‌కి ఢోకా లేదు

స్మృతి మంధాన గురించి కొత్తగా చెప్పేదేముంది? 2025 సెప్టెంబర్‌ 20న ఢిల్లీలో ఆస్ట్రేలియా మీద 50 బంతుల్లో సెంచరీ కొట్టేసింది. వన్డేల్లో ఇండియా తరఫున ఇదే వేగవంతమైన సెంచరీ, మగవాళ్లని కలిపి చూసినా! అంతకు మూడు రోజుల ముందు ముల్లన్‌పూర్‌లో 117. ఇంత ఫామ్‌తో ప్రపంచకప్‌కి రావడం అరుదు.

గొడవంతా పక్కన దిగే ప్రతీకా రావల్‌ గురించే. షెఫాలీ వర్మకి స్టాండ్‌బైల్లో కూడా చోటు దక్కలేదు మరి. నా ఓటు ప్రతీకకే. 2024 డిసెంబర్‌లో తొలి వన్డే ఆడి, జనవరిలో ఐర్లాండ్‌ మీద 154 కొట్టింది. స్మృతి అవతల బాదుతుంటే ఇవతల వికెట్‌ కాపాడే మనిషి కావాలి, ఆ పని ప్రతీకకి వచ్చు. కాకపోతే ఒక్క భయం. 350 ఛేజ్‌ చేయాల్సిన రోజున స్మృతి తొందరగా అవుటైతే? ఆ రోజు షెఫాలీ గుర్తొస్తుంది. ఇది ఒప్పుకోకపోతే ప్రతీక ఫ్యాన్‌నే అవుతాను గానీ టీమ్‌ని అంచనా వేసినట్టు కాదు.

మిడిల్‌లో అనుభవం, చివర్లో రిచా

హర్మన్‌ప్రీత్‌కి 2025లో 36 ఏళ్లు, అది ఐదో వన్డే ప్రపంచకప్‌. 2017 సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద 171 నాటౌట్‌ కొట్టిన మనిషి. 2025 జులైలో ఇంగ్లాండ్‌లో సిరీస్‌ తేలే మ్యాచ్‌లో 102 కొట్టింది. పెద్ద మ్యాచ్‌ అంటే ఆమెకి ఏదో అవుతుంది, ఆ ‘ఏదో’ మళ్లీ కావాలి. జెమీమా రోడ్రిగ్స్‌ని 2022 ప్రపంచకప్‌ టీమ్‌లోంచి పక్కనపెట్టారు. ఆ మంట తనలో ఇంకా ఉందనే నా నమ్మకం. హర్లీన్‌ డియోల్‌, దీప్తి శర్మ ఉన్నారు కాబట్టి 20కి 2 పడినా కంగారు లేదు.

ఆఖరి ఓవర్ల పని రిచా ఘోష్‌ది. కీపింగ్‌ కూడా ఆమెదే. రెండో కీపర్‌ యస్తికా భాటియా వైజాగ్‌ క్యాంపులో మోకాలి గాయంతో తప్పుకుంది. బదులుగా వచ్చిన అస్సాం అమ్మాయి ఉమా ఛెత్రీ అప్పటికి ఒక్క వన్డే కూడా ఆడలేదు. రిచా వేలికి దెబ్బ తగిలితే మనకి ఒకేసారి రెండు పోస్టులు ఖాళీ!

అసలు పరీక్ష ఇక్కడే

ఢిల్లీ మ్యాచ్‌లో స్మృతి సెంచరీ గురించి అందరూ స్టేటస్‌లు పెట్టారు. మనం 369 కొట్టీ ఓడిపోయాం. ఎందుకంటే ఆస్ట్రేలియా 412 కొట్టింది. బెత్‌ మూనీ ఒక్కతే 75 బంతుల్లో 138. ఆ సిరీస్‌ పొడవునా క్యాచ్‌లూ జారుతూనే ఉన్నాయి. నన్నడిగితే ఈ టీమ్‌ కథంతా ఆ స్కోరుకార్డులో ఉంది. బ్యాటింగ్‌ ఎవరితోనైనా పోటీ పడుతుంది, బౌలింగ్‌ ఇంకా కుదురుకోవాలి.

రేణుకా సింగ్‌ కొత్త బంతితో స్వింగ్‌ చేస్తుంది, 2025లో గాయం నుంచి తిరిగొచ్చింది. మధ్యప్రదేశ్‌ అమ్మాయి క్రాంతి గౌడ్‌ తొలి వన్డే ఆడి ప్రపంచకప్‌ నాటికి ఐదు నెలలు కూడా కాలేదు. అయినా ఇంగ్లాండ్‌లో ఒకే మ్యాచ్‌లో ఆరు వికెట్లు తీసింది. మన హైదరాబాద్‌ అమ్మాయి అరుంధతి రెడ్డి 2018లోనే టీ20లు ఆడింది, వన్డే క్యాప్‌ కోసం 2024 దాకా ఆగింది. ఆ ఏడాది డిసెంబర్‌లో పెర్త్‌లో ఆస్ట్రేలియా మీద 26 పరుగులకి 4 వికెట్లు తీసింది. ఆ ఆగడం ఊరికే పోలేదు. అమన్‌జోత్‌ కౌర్‌ అటు బ్యాటు, ఇటు బంతి రెండూ పట్టుకోగలదు. అయితే 46వ ఓవర్‌ ఎవరికివ్వాలి అంటే మాత్రం ఇప్పటికీ ఒక్క పేరు ఠక్కున నోటికి రావట్లేదు. నా బెంగ అదే.

అందుకే మ్యాచ్‌ని స్పిన్నర్లు ముందే లాగేయాలి. దీప్తి, స్నేహ్‌ రాణా ఆఫ్‌ స్పిన్‌. రాధా యాదవ్‌, శ్రీచరణి ఎడమచేతి స్పిన్‌. మూనీ, లిచ్‌ఫీల్డ్‌ లాంటి ఎడమచేతి బ్యాటర్లకి దీప్తి బంతి బయటికి తిరుగుతుంది, చరణి బంతి లోపలికొస్తుంది. రెండు వైపుల నుంచీ రెండు రకాల ప్రశ్నలు వేయొచ్చు. 25 నుంచి 40 ఓవర్ల మధ్య ఇద్దరూ కలిసి మూడు వికెట్లు తీస్తే, 46వ ఓవర్‌ ఎవరేసినా పెద్దగా తేడా ఉండదు.

శ్రీచరణి మన కడప జిల్లా అమ్మాయి. 2025లో వయసు 21. ఏప్రిల్‌లో శ్రీలంకలో తొలి వన్డే. జూన్‌లో నాటింగ్‌హామ్‌లో తొలి టీ20, 12 పరుగులకే 4 వికెట్లు. ఆ సిరీస్‌లో మొత్తం 10 వికెట్లతో ప్లేయర్‌ ఆఫ్‌ ద సిరీస్‌. అనుభవం తక్కువే. కానీ బ్యాటర్‌ ముందుకొచ్చినా భయపడకుండా బంతిని గాల్లోకి ఎగరేస్తుంది. అది నేర్పిస్తే వచ్చేది కాదు.

మా అక్క కూతురు ఎనిమిదో తరగతి, తనదీ లెఫ్టార్మ్‌ స్పిన్నే. స్కూల్లో అమ్మాయిలకి క్రికెట్‌ టీమ్‌ లేదు, ఖోఖోలో చేరమన్నారట. సాయంత్రాలు వీధిలో మగపిల్లలతోనే ఆడుతుంది. ఎవరిలా వేస్తావే అంటే మొన్నటిదాకా ‘జడేజా’ అనేది. జూన్‌ నుంచి ‘చరణి అక్కలా, మామా’ అంటోంది. 2025 అక్టోబర్‌ 9న దక్షిణాఫ్రికాతో, 12న ఆస్ట్రేలియాతో మన మ్యాచ్‌లు వైజాగ్‌లోనే జరిగాయి. టికెట్లు వంద రూపాయల నుంచి ఉండేవి. 9న గురువారం, బడి రోజు. 12 ఆదివారం మాత్రం వదలకూడదనుకున్నాం.

ఇక మార్కులు. బ్యాటింగ్‌కి పదికి తొమ్మిది, స్పిన్‌కి ఎనిమిది, పేస్‌కి ఆరు, ఫీల్డింగ్‌కి ఐదు. 2025లో ఎనిమిది జట్లు, ఒక్కొక్కరికి ఏడు లీగ్‌ మ్యాచ్‌లు, మొదటి నాలుగు స్థానాలకి సెమీస్‌. అక్కడిదాకా ఈ టీమ్‌ వెళ్తుందనుకున్నా. ఆ పైన రెండు మ్యాచ్‌లు గెలవాలంటే ఆ ఆరూ, ఐదూ పెరగాలనిపించింది. మీరు కూడా ఈసారి స్మృతి అవుటవగానే ఫోన్‌ పక్కన పడేయకండి. 41వ ఓవర్‌కి హర్మన్‌ప్రీత్‌ బంతి ఎవరి చేతిలో పెడుతుందో చూడండి. కప్పు మనదో కాదో అప్పుడే కాస్త తెలిసిపోతుంది.