పందికొక్కు పేరు, తాత పారేసిన కార్జం

మాది కమలాపురం దగ్గర, పాపాఘ్ని పెన్నలో కలిసే పక్క, యానాది కాలనీ. డిగ్రీలో జువాలజీ చదువుతున్నా.

మా తాత పందికొక్కులు పట్టేవాడు. చేలో బొక్క కనుక్కుని, కుండతో పొగబెట్టి, రెండో బొక్క కాడ కాచుకునేవాడు. రైతులే వచ్చి పిలిచేవాళ్లు. బడిలో మాత్రం నన్ను 'ఎలకలోడా' అనేవాళ్లు. అందుకే హాస్టల్లో చేరినాక తాత పని గురించి ఎవరికీ చెప్పలే.

మొన్న క్లాసులో ఆస్ట్రేలియా బాండికూట్ పాఠం వచ్చింది. పిల్లల్ని పొట్టకింద సంచిలో మోసే జంతువు అది. దానికీ మన పందికొక్కుకూ చుట్టరికం లేదు. కానీ పేరు మాత్రం మన తెలుగు 'పందికొక్కు' నుంచే పోయిందని సార్ చెప్పినాడు. అందరూ నవ్వినారు. నేను నవ్వలే.

ఆ బాండికూట్లను టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి చంపుతోంది. అది పిల్లి పేగుల్లో పెరిగి, పిల్లి పెంటతో మట్టిలో పడుతుంది. ఆస్ట్రేలియాకు పిల్లులు తెల్లోళ్ల వెంట వచ్చినవే. మట్టి తవ్వి పురుగులు తినే చారల బాండికూట్‌కు ఆ జబ్బును తట్టుకునే శక్తి లేదు.

పిల్లి అనగానే మా ఇల్లు గుర్తొచ్చింది. పందికొక్కును కోసినప్పుడు కార్జం మీద తెల్ల బుడ్డలు కనబడితే తాత "ఇది పనికిరాదు" అని విసిరేసేవాడు. మా పిల్లి ఎత్తుకపోయేది. ఆ బుడ్డలో ఉండేది చాలాసార్లు పిల్లి బద్దెపురుగు పిల్లే. పేరు టీనియా టీనియాఫార్మిస్. పిల్లి తింటే పేగులో పెద్దదవుతుంది, గుడ్లు పెంటలో పోతాయి, మళ్లీ ఎలకకు చేరతాయి. కాపిలేరియా అనే ఇంకో పురుగు ఎలక కార్జంలోనే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు మట్టిలో పక్వమై, అరుదుగా మనుషులకూ అంటుతాయి.

అంటే తాత కన్ను తప్పు కాదు. విసిరేసిన చోటే తప్పు.

సెలవుల్లో పోయి చెప్పినా. "తాతా, ఇంక ఎవురైనా కోస్తే ఆ కార్జం పిల్లికి ఎయ్యొద్దని చెప్పు."

"మరి ఏం జెయ్యాల్రా?"

"కాల్చెయ్యాల."

"పొయ్యి ఎదురుగానే ఉండె. ఇన్నేండ్లు ఒక్కడూ చెప్పలేదే!" అన్నాడు.

చెప్పాల్సింది నేనే. సిగ్గుపడి ఆ మాటే ఎత్తలేదు.

మీ ఇండ్లల్లో ఈ పని ఉంటే, చేతికి గాయముంటే కోయొద్దు. మాంసం బాగా ఉడికించండి. తర్వాత చేతులు సబ్బుతో కడగండి. ఎలకల్ని పట్టినాక జ్వరమొస్తే ఆ మాట డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఎలక ఉచ్చ నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది.

మీ పెద్దోళ్లు ఏం చూసి 'ఇది తినొద్దు' అంటారో అడిగి ఇక్కడ రాయండి.