మ్యాప్‌లో నీళ్ల మీద ఒక పిన్

గండికోటకు వెళ్లినవాళ్లంతా తీసే ఫొటో ఒకటుంది. ఎర్రబండల అంచున మనకు వీపు చూపిస్తూ ఓ మనిషి, లోయలో పెన్నా, పైన క్యాప్షన్ ‘గ్రాండ్ క్యానియన్ ఆఫ్ ఇండియా’. ఈ పేరంటే నాకు మొదట్నుంచీ పడదు. అరిజోనాలో ఉన్నది మైలు లోతు. మనది మూడొందల అడుగులు, అటూ ఇటూగా. ఆ పోలికతో పోతే మనది ఎప్పటికీ డూప్లికేటే. ఎర్రమల కొండల్ని పెన్నా కోసిన చోట గండి, గండి మీద కోట. పేరులోనే అంతా ఉంది కదా, ఇంకో పేరెందుకు?

బెంగళూరు నుంచి ఇంటికొచ్చిన వారాంతంలో నేనూ నా ఫ్రెండూ ఒక రోజు ఫొటో వాక్ పెట్టుకున్నాం. పులివెందుల జేఎన్‌టీయూలో నాలుగేళ్లు ఒకే బెంచీ మాది. మాది పులివెందులే, వాడిది ప్రొద్దుటూరు. పొద్దున్నే ప్రొద్దుటూరులో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ‘రెండో బొంబాయి’ అని పిలిపించుకునే ఊరు, బంగారం అంగళ్లకు ఇంకా షట్టర్లు దించే ఉన్నాయి. వాడు ఆ షట్టర్లనే ఓ పది ఫొటోలు తీశాడు. నేను పెద్దగా పట్టించుకోలేదు.

జమ్మలమడుగు దాటాక పదిహేను కిలోమీటర్లు. కోట లోపల మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం దగ్గరదగ్గరగానే ఉంటాయి. పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. తర్వాత గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి చిక్కింది. వజ్రాలు కొనే ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే 1652లో ఇక్కడికొచ్చి ఆయన్ని కలిశాడు, ఇక్కడ ఫిరంగులు పోత పోయడం గురించి కూడా రాసుకున్నాడు. ఇప్పుడు జనాలు ఎక్కువగా అడిగేది మాత్రం ‘మర్యాద రామన్న’ షూటింగ్ ఎక్కడ తీశారని!

నేను గోపురం మీద ఎండ ఎక్కడ పడుతుందో చూసుకుంటుంటే మావాడు కనపడలేదు. వెతికితే ఊళ్లో ఉన్నాడు. కోట గోడల లోపలే గండికోట ఊరు ఉంది, మనుషులు కాపురాలు చేసుకుంటున్న ఊరు. వాడు అక్కడ ఒకరి గడప తీస్తున్నాడు. తర్వాత తలుపు గొళ్లెం, గోడ పక్కన రోలు, అరుగు.

“ఏందిరా, ఇంత దూరమొచ్చి ఇండ్లు తీస్తాండావ్?”

“కోట యాడికీ పోదులే. దాన్ని తీసేటోళ్లు వెయ్యిమంది ఉన్నారు” అన్నాడు.

మాధవరాయ గుడి నీడలో కూర్చున్నాక ఫోన్ తీసి చూపించాడు. వాళ్ల అమ్మ పుట్టింది కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరులో. గండికోట జలాశయం పూర్తి సామర్థ్యం 26.85 టీఎంసీలు. 2020లో నీళ్లు నింపుతూ పోయినప్పుడు ఆ ఊరు మునిగింది. వాడి ఫోన్‌లో ఫొటోలు వేలల్లో ఉన్నాయి. బైకులు, బిర్యానీలు, హాస్టల్ గోడలు. చిన్నప్పుడు ప్రతి ఎండాకాలం సెలవులు గడిపిన ఇంటి ఫొటో మాత్రం లేదు. ఉన్నదల్లా ఓ ఉగాదికి వాడు తీసుకున్న సెల్ఫీ. అందులో వాడి చెవి వెనక సగం తలుపు.

ఆ ఫొటోలో లొకేషన్ ఉంది. ఫోన్ కెమెరాలు ఫొటోతో పాటు అక్షాంశం, రేఖాంశం కూడా దాచిపెడతాయి. రోజూ ఇలాంటి డేటాతోనే పని నాకు, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. వాడు మ్యాప్ తెరిచాడు. పిన్ నీలం రంగు మధ్యలో ఉంది. జూమ్ చేసినా నీలమే.

నాకు మాట రాలేదు. ఎందుకంటే ఆ జలాశయం నుంచే చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్‌కు నీళ్లు ఎత్తిపోస్తారు. మా పులివెందుల వైపు చీనీ తోటలకు ఆ నీళ్లే దిక్కు. బోర్లు ఎండి చెట్లు నరికేసిన రోజులు మా ఇంట్లో అందరికీ గుర్తే. ఈ సంగతి వాడికీ తెలుసు. నాలుగేళ్లు ఒకే బెంచీలో కూర్చున్నా, ఇద్దరం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

“అవ్వ దగ్గరికి పోదాం, వస్తావా?” అన్నాడు.

ముద్దనూరు మీదుగా కొండాపురం వైపు వెళ్లాం. దారిలో నీళ్లు కనపడిన చోట బండి ఆపాడు. సాయంత్రం వెలుగు, దూరంగా కొండలు, ఏ వాల్‌పేపర్‌కైనా సరిపోయేంత బాగుంది. అక్కడ వాడు ఫోన్ బయటికి తీయలేదు. నేనూ తీయలేదు.

అవ్వ కొత్త కాలనీలో ఉంటుంది. సిమెంటు ఇల్లు, వీధులన్నీ స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. నాదే ఊరని అడిగింది. పులివెందుల అన్నాను.

“తోటలుండాయా నాయనా?”

“ఉన్నాయవ్వా, చీనీ.”

“నీళ్లొస్తాండాయా?”

“వస్తాండాయవ్వా.”

“మంచిది. కాపు బాగుండాల” అని టీ పెట్టడానికి లేచింది. అందులో దెప్పిపొడుపు ఏమైనా ఉందా అని చాలాసేపు ఆలోచించాను. లేదు. ఉంటేనే నాకు కాస్త తేలిగ్గా ఉండేదేమో.

ఆ సిమెంటు ఇంటికి వాకిలి మాత్రం పాతది. ఊరు ఖాళీ చేసేటప్పుడు టేకు తలుపులు ఊడదీసి తెచ్చుకున్నారట. మావాడు దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని తీస్తున్నాడు. మూసి ఒకటి, తెరిచి ఒకటి, గొళ్లెం దగ్గర్నుంచి ఒకటి. టీ గ్లాసులతో వచ్చిన అవ్వ చూసి, “ఏందిరా, నన్ను ఇడిసిపెట్టి తలుపును తీస్తాండావ్?” అని కోప్పడింది.

గ్లాసులు నా చేతికిచ్చి, కొంగు సర్దుకుని, తానే వెళ్లి తలుపు పక్కన నిలబడింది.